పాదుల మధ్య పట్టు పందిళ్లు

వానలు వెనకపట్టి కార్తీకం మంచు దిగే రోజుల్లో, ఎండ పొడ తగలకముందే పెరట్లోకి వెళ్లి చూడాలి. మందార కొమ్మకూ కరివేపాకు చెట్టుకూ మధ్య, బీర పందిరి మూలన, గోంగూర మడి అంచున, నిన్నటిదాకా కంటికి ఆనని సాలెగూళ్లన్నీ మంచుబొట్లు పట్టి బయటపడతాయి. ఇన్ని ఉన్నాయా అనిపిస్తుంది. ఎప్పుడూ ఉన్నాయి. పురుగుమందు ఎరగని పెరడైతే ఇంకా ఎక్కువ ఉంటాయి.

వాటిలో ముందుగా చూపు పడేది ఆర్జియోపి మీద. పసుపు చారల పొట్టతో ఆడసాలీడు గూటి నట్టనడుమ తలకిందులుగా వేలాడుతూ, ఎనిమిది కాళ్లనూ రెండేసి చొప్పున జతచేసి చాపుతుంది. చూడటానికి అచ్చం ఇంటూ గుర్తు. ఆ కాళ్ల వరసలోనే గూటి మీద వంకీలు వంకీలుగా తెల్లటి మందపాటి పట్టు అల్లుతుంది. ఆ అల్లిక ఎందుకో వందేళ్లకు పైగా వాదిస్తున్నా శాస్త్రవేత్తల మధ్య తేలలేదు. అతినీలలోహిత కాంతిని వెనక్కి చిమ్మి పురుగుల్ని రప్పించడానికని కొందరు, పిట్టలు గూడు చించుకుంటూ దూసుకుపోకుండా హెచ్చరికని కొందరు, శత్రువు కంటికి తన ఆకారం అందకుండా చేసుకోవడానికని ఇంకొందరు. అన్నిటికీ ఆధారాలున్నాయి, అన్నిటికీ అభ్యంతరాలూ ఉన్నాయి. తులసికోట పక్కనే ఇంత పెద్ద ప్రశ్న వేలాడుతుంటే వింతల కోసం దూరదేశాలు వెళ్లడం దేనికి?

గూడు కట్టే తీరు చూడాలంటే చీకటి ఉండగానే లేవాలి. ముందు ఒక్క పోగును గాలికి వదులుతుంది. అది ఎదుటి కొమ్మకు తగులుకుంటే అదే వంతెన. ఆ తర్వాత బండిచక్రానికి ఆకులు దిగేసినట్టు నడిమి నుంచి అంచుల దాకా పోగులు లాగుతుంది. వాటి మీద జిగురు లేని తాత్కాలికపు చుట్టు ఒకటి, లోపలి నుంచి బయటికి వేస్తుంది. అంచుకు చేరాక వెనుదిరిగి, ఆ చుట్టును తీసేసుకుంటూ దాని చోట అసలైన జిగురు పోగును దగ్గర దగ్గరగా చుట్టుకుంటూ లోపలికి వస్తుంది. చూపు అంతంతమాత్రం. కొలతంతా కాళ్ల స్పర్శతోనే. చిరిగిన పాత గూటిని పారేయదు, తినేస్తుంది. ఆ పట్టులోని మాంసకృత్తులే మళ్లీ కొత్త పోగులవుతాయి. మిడత పడిందా, ముందు పట్టు దుప్పటి చుట్టేసి, కదలిక ఆగాకే కాటు. గూటి అంచున బిక్కుబిక్కుమంటూ కనిపించే చిన్న ప్రాణి మగసాలీడు. ఆడదాని ముందు ఏ మూలకూ రాదు. జతకూడాక బతికి బయటపడటం దాని అదృష్టం.

అన్ని సాలీళ్లూ గూడు కట్టవు. వంగ, బెండ ఆకుల మీద ముళ్ల కాళ్లతో పరుగులు తీసి పురుగు మీదికి దూకే లింక్స్ సాలీడుకు గూటితో పనిలేదు. పువ్వులో నక్కి కూర్చునే పీత సాలీడు ఇంకా నేర్పరి. తెల్లపువ్వు మీద తెల్లగా, పచ్చపువ్వు మీద పచ్చగా, కొద్దిరోజుల్లో ఒంటిరంగు మార్చుకోగల జాతులు వీటిలో ఉన్నాయి. గోడ మీద మనవైపు తిరిగి నిలబడి చూసేది దూకుడు సాలీడు. ముందున్న రెండు పెద్ద కళ్లతో అది నిజంగానే మనల్ని పరికిస్తుంది. దూకే ముందు ఒక పోగును గోడకు అంటించుకుంటుంది. కాళ్లను చాపేది ఎక్కువగా ఒంట్లోని ద్రవపు ఒత్తిడి. చచ్చిన సాలీడు కాళ్లు ముడుచుకుపోవడం అందుకే.

మామిడిచెట్టు ఉన్నవాళ్లకు ఇంకో వింత దక్కుతుంది. ఆకులు కలిపి కుట్టుకుని గూళ్లు కట్టే ఎర్రచీమల బారులో ఒక చీమ కాస్త తేడాగా నడుస్తుంది. నిదానంగా చూస్తే కాళ్లు ఎనిమిది. ముందరి జత కాళ్లను పైకెత్తి మీసాల్లా ఆడిస్తూ తిరిగే ఆ ప్రాణి మిర్మాప్లాటా అనే సాలీడు. చీమకున్న సన్నటి నడుముతో సహా అంతా నటనే. కరిచే చీమల జోలికి పిట్టలూ కందిరీగలూ రావు కనుక ఆ వేషం దీనికి కాపలా. అసలు చీమలు ఎదురైతే మాత్రం తనే తప్పుకుంటుంది. మగదానికి దవడలు ఎంత పొడవంటే, నోట ఏదో కరుచుకుపోతున్న చీమ అనే అనుకుంటాం. బెదిరిస్తే పోగు వదిలి కిందికి జారుతుంది. వేషం అక్కడ బయటపడుతుంది.

ఒంటి మీద ఎర్రటి పొక్కులు లేస్తే సాలీడు పాకిందనడం మనకు అలవాటు. అలాంటి మంటకు చాలాసార్లు కారణం పెడెరస్ అనే చిన్న పురుగు. దీపాల దగ్గరికి వచ్చిన దాన్ని ఒంటి మీద నలిపితే అందులోని ద్రవం చర్మాన్ని కాలుస్తుంది. పెరటి సాలీళ్లలో మనిషికి ముప్పు తెచ్చేవి లేవనే చెప్పాలి. సంక్రాంతికి బూజుకర్ర పట్టిన చెయ్యి గడప లోపలే ఆగితే బాగుంటుంది. శివుడికి పట్టు మండపం అల్లిన సాలీడుకు శ్రీకాళహస్తిలో మోక్షం ఇచ్చిన కథ మనదే కదా.

ప్రపంచంలోని సాలీళ్లన్నీ కలిసి ఏటా 40 నుంచి 80 కోట్ల టన్నుల ఆహారం తింటాయని 2017లో వచ్చిన ఒక అంచనా. అందులో ఎక్కువ భాగం పురుగులే. వరిలో సుడిదోమను తినేవాటిలో తోడేలు సాలీడుది పెద్ద చెయ్యి. విచక్షణ లేకుండా మందు కొడితే అది ముందు చస్తుంది, దోమ మళ్లీ విజృంభిస్తుంది. పెరటి చిక్కుడుపాదుకూ అదే వర్తిస్తుంది. పేనుబంక కనబడగానే డబ్బా అందుకోకండి, వేటగాళ్లకు నాలుగు రోజులు గడువివ్వండి.

ఆ తోడేలు సాలీడును రాత్రి చూడాలి. టార్చి నుదుటి దగ్గర పెట్టి నేల మీదికి వేస్తే మడుల్లో మిలమిలమని కళ్లు వెలుగుతాయి. తల్లి గుడ్ల సంచిని వెనక తగిలించుకుని తిరుగుతుంది. పిల్లలు వచ్చాక వాటిని వీపున మోస్తుంది. ఎదిగిన పిల్లసాలీళ్లు ఎన్నో జాతుల్లో గడ్డికొసకెక్కి, పొట్ట పైకెత్తి, సన్నటి పోగులు వదిలి గాలిలో లేచిపోతాయి. 1832లో బీగిల్ ఓడ తీరానికి 60 మైళ్ల దూరంలో ఉండగా తాళ్ల నిండా వచ్చి వాలిన చిన్న సాలీళ్లను డార్విన్ రాసిపెట్టాడు. గాలితో పాటు నేల దగ్గరి విద్యుత్ క్షేత్రం కూడా వాటిని లేపగలదని 2018లో బ్రిస్టల్ పరిశోధకులు చూపించారు.

మన పెరట్లోకి రానిది, మన నేలకే సొంతమైనది ఒకటుంది. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలిరంగు పెద్ద సాలీడుకు 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త శాస్త్రీయ నామం పెట్టాడు. మళ్లీ అది వందేళ్ల తర్వాత నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో కనబడింది. అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్న జీవుల్లో ఇప్పుడు అదొకటి.

పెరటి సాలీళ్లకూ శత్రువులు తక్కువేం కాదు. గోడ మీద మట్టిగూళ్లు కట్టే కందిరీగ సాలీళ్లను కుట్టి, కదలకుండా చేసి, తన పిల్లల కోసం ఆ గదుల్లో కుక్కి పెడుతుంది. తేనెపిట్ట సాలెగూళ్ల దగ్గర రెక్కలాడిస్తూ పోగులు లాక్కుపోతుంది. ఎండుటాకులు, నారలు, బెరడు ముక్కలు ఆ పట్టుతోనే అతికి దాని గూడు కొమ్మకు వేలాడుతుంది. గుడ్లు పగిలాక మళ్లీ వస్తుంది, ఈసారి పిల్లల నోటికి సాలీళ్లనే పట్టుకుపోవడానికి.