షార్ పక్కన నిమ్మతోట

శ్రీహరికోటలోని షార్ నుంచి రాకెట్ లేస్తే గూడూరు మిద్దెల మీదికి కనిపిస్తుంది. అలా వెళ్లిన ఉపగ్రహాల్లో కొన్నింటి పనే పొలాలను చూడడం. 2011 ఏప్రిల్ 20న రిసోర్స్‌శాట్-2, 2016 డిసెంబరు 7న రిసోర్స్‌శాట్-2ఎ అందుకే వెళ్లాయి. ఇంత దగ్గర్నుంచి ఎగిరిన కళ్లకి గూడూరు నిమ్మచెట్టు మాత్రం సరిగా ఆనదు.

వాటిలోని లిస్-4 కెమెరా తీసే బొమ్మలో ఒక్కో చుక్క నేల మీద 5.8 మీటర్లు. నిమ్మ మొక్కకీ మొక్కకీ నడుమ మనం వదిలేది 6 మీటర్లు. లెక్కకి చెట్టుకో చుక్క! కానీ ఆ చుక్క చెట్టు మొదలు చూసుకుని పడదు. సగం కొమ్మలు, సగం సాళ్ల మధ్య గడ్డి. రెండు వానలు పడి గడ్డి లేచిందంటే, ఎండు తెగులు పట్టిన చెట్టున్న చోటు కూడా పచ్చగానే అగుపిస్తుంది. పైగా వరి మడిలా నీళ్లు, పచ్చ, పసుపు అని రంగులు మార్చే పంట కాదిది. ఏడాది పొడవునా పచ్చనే. పక్కనున్న మామిడి, సరుగుడు, జామాయిల్ కూడా అంతే. ఉద్యాన పంటల విస్తీర్ణాన్ని ఉపగ్రహాలతో లెక్కగట్టడానికి కేంద్రం 2014లో మొదలుపెట్టిన 'చమన్' పథకంలో నిమ్మజాతి తోటలూ ఉన్నాయి. జిల్లా లెక్కకి అది అక్కరకొస్తుంది. మూడో సాలులో ఏడో చెట్టు ఎందుకు వడిలిందో దానికి పట్టదు.

అది పట్టేది డ్రోన్‌కే. తక్కువ ఎత్తులో ఎగురుతుంది గనక చుక్క కొన్ని సెంటీమీటర్లకు దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్రని వెలుగుని మింగి, మన కంటికందని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. చెట్టు నలతపడితే ఆ తేడా తగ్గుతుంది. కాలిఫోర్నియాలోని నాపా లోయలో 1993లో నాసా శాస్త్రవేత్తలు, రాబర్ట్ మోండవి వైనరీతో కలిసి, ద్రాక్ష వేళ్లను తినే ఫిలోక్సెరా పురుగు జాడ తీసింది ఇలాంటి చూపుతోనే, విమానం మీంచి. గొప్పకి చెప్పడం కాదు గానీ, మనవాళ్లు అంతకు రెండు దశాబ్దాల ముందే ఈ పని చేశారు. 1970 ప్రాంతంలో శాస్త్రవేత్త పిషారటి బృందం హెలికాప్టర్లో పరారుణ ఫిల్ము పెట్టుకుని కేరళ కొబ్బరితోటల్లో వేరు తెగులుని వెతికింది. మన దేశంలో రిమోట్ సెన్సింగ్ పుట్టిందే తోటలో.

ఇప్పుడు పల్లెల్లో తిరిగే డ్రోన్లు చాలావరకు మందు కొట్టేవి. 2023లో ఆమోదం పొందిన 'నమో డ్రోన్ దీదీ' పథకం 15,000 మహిళా సంఘాలకు ఇవ్వదలచినవీ ఎరువులు, మందులు చల్లే డ్రోన్లే. చూడ్డం నేర్పకముందే చల్లడం నేర్పామనిపిస్తుంది నాకు.

అలాగని బొమ్మ ఒక్కటే వైద్యం చేయదు. ఆ తేడా తగ్గి తెరమీద ఎర్రగా వచ్చిన చెట్టు దగ్గరికి మనిషి వెళ్లాలి. ముళ్లు తప్పించుకుంటూ కిందికి వంగి, మొదట్లో మట్టి తీసి, బెరడు గోకి చూడాలి. బంక కారుతుంటే బోర్డో పేస్టు. బెరడు బాగుండి, ఈనెలు పచ్చగా, మధ్యలో ఆకు పసుపుగా ఉంటే జింకు లోపం. అదీ కాకపోతే వేళ్లు కుళ్లాయేమో చూడాలి. తెరమీద మూడింటిదీ ఒకటే ఎరుపు.

కాలం కూడా కలిసిరాదు. 2022 ఏప్రిల్లో నిమ్మ ధర పెరిగి దేశమంతా వార్తయింది. ఆ వేసవి ధర దక్కాలంటే ఐదారు నెలల ముందే పూత నిలవాలి. అంటే సరిగ్గా ఈశాన్య వానల్లో, ఉపగ్రహాలకు మబ్బు అడ్డుపడే రోజుల్లో. 2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్లిన నైసార్ ఉపగ్రహంలోని రాడార్ మబ్బుల్లోంచి చూడగలదు, కానీ ఆకు రంగు దానికి తెలియదు. మబ్బు కింద ఎగిరేది డ్రోనే. ట్రాక్టరు అద్దెకిచ్చినట్టే మండలానికో కెమెరా డ్రోన్‌ని అద్దెకివ్వచ్చు. వాన తెరిపిచ్చిన పూటల్లో ఎగరేసి, ఎర్రచెట్ల జాబితా రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకుడి చేతికిస్తే, తోటలో ఆయన ఏ చెట్టు దగ్గర ముందు వంగాలో తేలుతుంది.