చక్రానికి కట్టిన చిన్న కంచె

"అక్కా, చున్నీ... చున్నీ!" పక్కనుంచి వెళ్తున్న బండివాళ్లు ఇలా అరవడం మన ఊళ్లలో వినని వాళ్లు ఉండరు. వెనక కూర్చున్నామె ఉలిక్కిపడి, చక్రం మీదికి జారుతున్న కొసను లాక్కుని ఒళ్లో పెట్టుకుంటుంది. ఆ కేక ఒక్క క్షణం ఆలస్యమైతే?

మోటార్‌సైకిల్ వెనక చక్రం ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 1.9 మీటర్లు కదులుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఆరు చుట్లు. స్పోకుల్లో చిక్కిన గుడ్డ మధ్యలోని హబ్‌కు చుట్టుకుంటుంది. హబ్ చుట్టుకొలత అర మీటరే అనుకున్నా, సెకనుకు మూడు మీటర్ల గుడ్డ లోపలికి పోతుంది. చున్నీ మొత్తం రెండున్నర మీటర్లు. నడిపేవాడికి సంగతి తెలిసి బ్రేకు మీద కాలు పడేసరికే ఒక సెకను గడిచిపోతుంది. ఈలోపు మెడకు ఉరి బిగుస్తుంది. కొంగు చిక్కితే మనిషే కిందికి వస్తుంది.

1927 సెప్టెంబరు 14న ఫ్రాన్స్‌లోని నీస్‌లో ప్రఖ్యాత నర్తకి ఇసడోరా డంకన్ ఇలాగే ప్రాణం పోగొట్టుకుంది. టాపు లేని కారు, మెడలో పొడవాటి పట్టు వస్త్రం, వెనక చక్రం.

అప్పటికే సైకిళ్లు చేసేవాళ్లకు ఈ ప్రమాదం బాగా తెలుసు. 19వ శతాబ్దం చివర్లో పాదాల దాకా గౌనులు వేసుకున్న ఆడవాళ్లు సైకిలెక్కారు. వాళ్ల కోసం నడుమ ఉన్న అడ్డకడ్డీని కిందికి వంచారు. వెనక మడ్‌గార్డు నుంచి ఇరుసు దాకా విసనకర్రలా తాళ్లు అల్లి కట్టారు. మన బండ్లకుండే శారీ గార్డుకు ముత్తవ్వ ఆ తాళ్ల అల్లికే.

మోటార్‌సైకిల్ సీటును చూడండి. అటో కాలు ఇటో కాలు వేసుకుని కూర్చునేవాళ్ల కోసం చేసిన సీటది. మన దగ్గర ఆడవాళ్లు చీరకట్టుతో, ఒళ్లో బిడ్డతో, రెండు కాళ్లూ ఎడమవైపు వేసుకుని కూర్చుంటారు. అందుకే ఆ పక్కన శారీ గార్డు అనే ఉక్కు కమ్మీల చట్రం బిగించారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది దీని గురించి కూడా చెబుతుంది: వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చిక్కకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పాలి.

బట్టలు యంత్రంలో చిక్కే ఇలాంటి ప్రమాదానికే 1948 ఫ్యాక్టరీల చట్టం ఇంకో దారి పట్టింది. తిరుగుతున్న యంత్రం దగ్గర పనిచేసే మగవాడికి బిగుతు బట్టలు యజమానే ఇవ్వాలంది. కదులుతున్న యంత్రాన్ని తుడిచే, నూనె వేసే ప్రమాదకరమైన పనికి ఆడవాళ్లను పెట్టొద్దంది. మోటారు నిబంధన మాత్రం ఆడవాళ్లను బండి దించకుండా చక్రాన్ని కప్పమంది. నా దృష్టిలో న్యాయమంటే ఇదే.

అందం చెడిందని కుర్రాళ్లు ఆ చట్రాన్ని ఊడదీయిస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. అది ఉన్నా కుడిపక్క చక్రం తెరిచే ఉంటుంది. గాలికి లేచిన చున్నీ అటు పడొచ్చు. మా అమ్మ బండెక్కాక కొంగును నడుం చుట్టూ తిప్పి బొడ్లో గట్టిగా దోపుకుంటుంది. చేత్తో ఒకసారి తడిమి చూసుకున్నాకే "ఊఁ, ఇక పోనీయ్" అంటుంది.