బాలయేసు పేరు పెట్టిన వెచ్చని నీరు

దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు జాలరులు క్రిస్మస్ దినాలలో తమ తీరానికి వచ్చే వెచ్చని నీటిని ‘ఎల్ నిన్యో’ అన్నారు. స్పానిష్ భాషలో ఆ మాటకు బాలుడని, అనగా బాలయేసు అని అర్థం. పేరు మధురమే గాని, ఆ వేడి ఎక్కువైన ఏడు జాలరి ఇంట పొయ్యి వెలగడం కష్టమే.

మామూలు రోజుల్లో గాలులు పైనీటిని తీరం నుండి దూరంగా తోస్తాయి. అప్పుడు అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. మన పొలానికి పెంట ఎలాగో, సముద్రానికి ఆ నీటిలోని సారం అలాగు. దానివలన కంటికి కనబడని నాచు పెరుగుతుంది. ఆ మేత మీదనే అంచోవెటా అనే నెత్తళ్ల జాతి చేప విస్తారంగా బ్రతుకుతుంది. నీరు వేడెక్కితే ఆ సారం పైకి రాదు. మేత లేక చేపలు చెదరిపోతాయి, వాటిని తినే సముద్రపక్షులు వేలకొలది చస్తాయి.

1970లో పెరూ వలలకు కోటి 20 లక్షల టన్నులకు పైగా చేప చిక్కింది. 1972-73 ఎల్ నిన్యో తరువాత, 1973లో 20 లక్షల టన్నులైనా రాలేదు. అయితే నేరమంతా నీటిమీద మోపడం న్యాయం కాదు. అంతకుముందే మితిమీరి పట్టారు. పైగా వేడి మొదలైనప్పుడు చేపలు తీరం దగ్గర మిగిలిన చల్లని నీటిలో కిక్కిరిశాయి గనుక వలలు బరువెక్కాయి. బరువు చూచి ఎవరు వల మానుకుంటారు?

ఈ చేపలో అధికభాగం పొడిగా మారి, లోకమంతటా కోళ్ల, రొయ్యల మేతలో కలుస్తుంది. 2023లో నీరు వేడెక్కి, పిల్లచేపలే ఎక్కువగా కనబడగా, పెరూ ప్రభుత్వం ఉత్తర, మధ్య తీరాలలో మొదటి వేటకాలాన్ని రద్దుచేసింది. పడవలు ఒడ్డుననే ఉన్నాయి. 2024లో నీరు చల్లబడింది, వేట మరల సాగింది.