ఒక టైరు అరిగితే డిఫరెన్షియల్ ఎందుకు వేడెక్కుతుంది?

వెనక చక్రాలతో నడిచే కారుకు వెనక టైరు ఒకటి పగిలింది. పొదుపు కోసం ఆ ఒక్కటే కొత్తది వేయించారనుకుందాం. ఇప్పుడు ఒకవైపు ట్రెడ్ లోతు 8 మిల్లీమీటర్లు, మరోవైపు 3. ఈ తేడా ఒక లెక్కా?

లెక్కే! కొత్త టైరు వ్యాసార్థం 300 మిల్లీమీటర్లయితే అరిగినది 295. కిలోమీటరుకు కొత్తది సుమారు 530 చుట్లు తిరిగితే, పాతది 539 తిరగాలి. (రోడ్డు మీద అసలు తేడా కాస్త తక్కువే ఉండొచ్చు.) అంటే తిన్నని రోడ్డు మీద కూడా కారు మలుపు తిరుగుతున్నట్టే!

ఇరుసు మీది రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగేలా చూసేదే డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్‌కు ఇదేమంత కష్టం కాదు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ సంగతి వేరు. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే, పట్టున్న రెండో చక్రానికి బలం అందించడం దీని పని. అందుకే క్లచ్ రకంలో ప్లేట్లు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి. చక్రాల వేగాలు వేరైతే అవి రాసుకుంటాయి. మలుపులో ఆ రాపిడి కొన్ని సెకన్లే. టైర్లు సమానంగా లేకపోతే ప్రయాణమంతా రాపిడే. ఆయిల్ వేడెక్కుతుంది, ప్లేట్లు అరిగిపోతాయి. పైగా నెమ్మదిగా తిరిగే పెద్ద టైరుకే ఎక్కువ బలం వెళ్తుంది కాబట్టి, కారు చిన్న టైరు వైపు లాగొచ్చు.

సిలికాన్ ద్రవం వాడే విస్కస్ రకానికీ ఈ వేడి తప్పదు. గేర్లతోనే పనిచేసే టార్సెన్‌కు మాత్రం ఓర్పు ఎక్కువ.

అందుకే ఒకే ఇరుసు మీది రెండు టైర్లనూ జతగా, ఒకే రకానివి మార్చాలి. రెండింట్లో గాలీ సమానంగా ఉండాలి.