తిరిగి వచ్చిన బిడ్డ

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నది సామెత. బిడ్డలను చిన్ననాడే తీర్చిదిద్దాలని దాని భావం. అయితే వంకరగా పెరిగిన మొక్కను పెరికివేయక, పక్కన ఊతకర్ర నాటి నిటారుగా నిలిపే తోటమాలి కూడా ఉంటాడు. తెలిసీ తెలియని వయస్సులో తప్పు చేసి, కొంతకాలం ప్రభుత్వ గృహంలో గడిపి, ఇంటికి తిరిగివచ్చే బాలునికి కావలసినది అటువంటి ఊతమే.

1986 నాటి చట్టం ఇటువంటివారిని బాల నేరస్థులుగా పేర్కొన్నది. 2000లో వచ్చిన బాల న్యాయ చట్టం ఆ పదాన్ని విడిచి, ‘చట్టంతో సంఘర్షణ పడిన బాలలు’ అన్నది. మాట మారడం చూపు మారడానికి గుర్తు. 2015 చట్టం మరొక అడుగు ముందుకు వేసి, ప్రతి బిడ్డకూ కొత్త జీవితాన్ని ఆరంభించే అవకాశం ఉండాలని సూత్రీకరించింది. కొన్ని తీవ్ర నేరాలను మినహాయిస్తే, పాత కేసు ఆ బాలుని చదువుకు గాని ఉద్యోగానికి గాని అడ్డు కారాదు. అతని పేరును, వివరాలను పత్రికలు వెల్లడించరాదు.

చట్టం ద్వారం తెరుస్తుంది, దాటించవలసినది సమాజం. వికారాబాదు జంక్షనులోనో, తాండూరులోనో రైలు దిగి ఇల్లు చేరిన బాలుని ఊహించండి. బడిలో అతని పేరు హాజరుపట్టీలో లేదు. ఇంట్లో అప్పు ఉన్నది. వీధిలో గుసగుసలు వినిపిస్తాయి. తాండూరు పరిసరాలలోని నాపరాతి గనులు కూలికి పిలుస్తాయి. 18 ఏళ్ళు నిండనివారిని గనులలో పనికి పెట్టుకోవడం చట్టవిరుద్ధమైనా, ఆకలి ఆ సంగతిని మరపిస్తుంది. పాత స్నేహాలు మళ్ళీ చేరదీస్తాయి. ఈ మొదటి నెలలే అతని భవిష్యత్తును నిర్ణయిస్తాయి.

అందుచేత తిరుగు ప్రయాణానికి సన్నాహం విడుదలకు ముందే మొదలు కావాలి. ప్రతి బిడ్డకు వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలని చట్టం చెబుతున్నది. ఆరోగ్యం, చదువు, వృత్తివిద్య, కుటుంబ పరిస్థితి అందులో చేరుతాయి. ప్రొబేషన్ అధికారి, జిల్లా బాలల సంరక్షణ విభాగం ఇంటివారితో మాట్లాడి, బడిలో చేర్పించి, విడుదల తరువాత కూడా బాగోగులు కనిపెట్టి ఉండాలి. 18 ఏళ్ళు నిండి సంస్థను విడిచేవారికి 21 ఏళ్ళ వరకు అనంతర సంరక్షణ కింద తోడ్పడే ఏర్పాటు ఉన్నది.

ఈ ప్రాంతానికి మరొక పాఠం సుపరిచితమే. 2016 వరకు వికారాబాదు, తాండూరు రంగారెడ్డి జిల్లాలోనివి. ఆ జిల్లాలో 1991 నుండి మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పనిలో మగ్గుతున్న పిల్లలను విడిపించి, శిబిరాలలో ఉంచి, బడికి సిద్ధం చేసింది. దీనికి నాయకత్వం వహించిన ఆచార్య శాంతా సిన్హా 2003లో మెగసెసే పురస్కారం పొందారు. ఆ పిల్లలు ఏ నేరమూ చేసినవారు కారు. అయినా శిబిరం నుండి ఊరికి వచ్చే దారి ఇద్దరిదీ ఒకటే. ఉపాధ్యాయులు, గ్రామ యువకులు వెంట నిలిచినందువల్లనే ఆ పిల్లలు బడిలో నిలదొక్కుకోగలిగారు.

తప్పును మరచిపొమ్మని ఎవరూ కోరరు. దానివల్ల నష్టపోయినవారి బాధ నిజమైనదే. కాని ఆ తప్పునే బిడ్డకు పేరుగా పెట్టి జీవితమంతా పిలవడం న్యాయం కాదు. తరగతిలో అతనికి పక్కన కాస్త చోటిచ్చే సహాధ్యాయి, చట్టం చేయలేని పనిని చేసినవాడవుతాడు.