కరకరలాడే పాకెట్లలో ఉప్పెంత?

గుండె బలహీనపడిన ఒక పెద్దమ్మగారు డిశ్చార్జి అయి వెళ్ళిన మూడు వారాలకే కాళ్ళ వాపు, ఆయాసంతో మళ్ళీ వార్డుకు వచ్చారు. నీరు తీసే మాత్రలు ఒక్క పూట కూడా మానలేదట. "కూరల్లో ఉప్పు చిటికెడు కూడా వేయడం లేదు సిస్టర్ గారూ" అని కూతురు కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. మంచం పక్క లాకరు సర్దుతుంటే వేయించిన పెసరపప్పు పాకెట్టు, కారప్పూస పాకెట్టు బయటపడ్డాయి. పెద్దమ్మగారు చిన్నబుచ్చుకుని, "అది తిండేమిటమ్మా, చప్పిడి కూడు తిన్న నోటికి కాస్త రుచి" అన్నారు.

తప్పు నాది కూడా. "ఉప్పు తగ్గించండి" అని చెప్పి పంపింది నేనే. పాకెట్ల మాట ఎత్తనే లేదు.

ఆ ఆదివారం సాయంత్రం సూపర్ మార్కెట్టు నుండి ఏడెనిమిది రకాలు తెప్పించి, మా నర్సింగ్ విద్యార్థినులతో కూర్చుని రుచి చూశాను. బంగాళాదుంప చిప్స్, మిక్చర్, ఉప్పు జీడిపప్పు, క్రీమ్ బిస్కెట్లు, అప్పడాలు, ఫ్రీజర్‌లో పెట్టే సమోసాలు. రుచిగా లేవని అనను, చిప్స్ పాకెట్టు మాటల్లోనే ఖాళీ అయింది. తర్వాత పాకెట్లు వెనక్కి తిప్పి చదవడం మొదలుపెట్టాం. ఆ అక్షరాలకు నా కళ్ళజోడు కూడా చాలలేదు!

లేబులు మీద 'ఉప్పు' అని కాక 'సోడియం' అని మిల్లీగ్రాములలో ఉంటుంది. దానిని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పెంతో తెలుస్తుంది. 100 గ్రాములకు సోడియం 800 మిల్లీగ్రాములు అని ఉందనుకోండి. 150 గ్రాముల పాకెట్టు మొత్తం తింటే 1200 మిల్లీగ్రాములు, అంటే 3 గ్రాముల ఉప్పు. ఆరోగ్యవంతులైన పెద్దలకే రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చెంచా లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొన్ని పాకెట్ల మీద లెక్క 'ఒక సర్వింగుకు' అని ఉంటుంది. ఆ సర్వింగు ఒక గుప్పెడే. గుప్పెడుతో ఆగేవారు ఎందరండీ?

తియ్యటి బిస్కెట్లలోనూ సోడియం కనిపించేసరికి మా పిల్లలు ఆశ్చర్యపోయారు. వంటసోడా కూడా సోడియమే కదా. అప్పడాల సంగతీ అంతే. పిండిలో ఉప్పుతో పాటు అప్పడాల కారం కూడా కలుస్తుంది, అందులోనూ సోడియమే. నూనె లేకుండా కాల్చిన అప్పడం మంచిదని చాలామంది పెద్దవారు తింటారు. కాలిస్తే నూనె తప్పుతుంది గాని ఉప్పు ఎక్కడికీ పోదు.

'కొలెస్టరాల్ లేదు' అన్న పెద్ద అక్షరాలను చూసి మోసపోకండి. ఏ మొక్క నూనెలోనూ కొలెస్టరాల్ ఉండదు. పామోలిన్‌లో గుండెకు చేటు చేసే సంతృప్త కొవ్వు మాత్రం ఎక్కువే. పదార్థాల జాబితాలో ఎక్కువగా ఉన్నది ముందు రాస్తారు. 'మల్టీగ్రెయిన్' అన్న బిస్కెట్టులో మొదటి పేరు మైదా అయితే అది మైదా బిస్కెట్టే.

సమోసాలు వేడిగా బాగానే ఉన్నాయి. కాని అవి మైనస్ 18 డిగ్రీల చలిలో ఉండవలసినవి. పాకెట్టులో ముక్కలు ముద్దగా అతుక్కుని, మంచు గడ్డకట్టి ఉంటే ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టాయేమోనని అనుమానించి వదిలేయండి. కరెంటు పోయే ఊళ్ళలో ఇది తప్పక చూడాలి.

ఒక హెచ్చరిక. 'తక్కువ సోడియం ఉప్పు' అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారు డాక్టరు గారిని అడగకుండా అది వాడకూడదు.

ఇంటికి వచ్చినవారికి పళ్ళెంలో ఏదో ఒకటి పెట్టకుండా ఉండలేము, నిజమే. పచ్చి వేరుశనగలు కొని ఇంట్లోనే వేయించి, ఉల్లిపాయ తరిగి నిమ్మకాయ పిండితే ఉప్పు లోటు అంతగా తెలియదు. మరమరాలు ఉప్పు లేనివనుకుంటాం గాని తయారీలోనే ఉప్పు నీళ్ళు కలుపుతారు.

పెద్దమ్మగారు వాపు తగ్గి ఇంటికి వెళ్ళారు. మొన్న చెకప్పుకు వచ్చినప్పుడు సంచిలోంచి చిన్న డబ్బా తీసి నా చేతిలో పెట్టారు. కూతురు ఉప్పు లేకుండా, మిరియాల పొడి చల్లి వేయించిన శనగలు. "చప్పగానే ఉంటాయి, కాని తినగా తినగా అలవాటైంది" అన్నారు.