ఆంగ్ల జాతీయములలోని జంతువులు

మైదుకూరు వంటి మెట్టసీమలో 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అను మాట విద్యార్థికి విడ్డూరముగా తోచుట సహజము. పిల్లులును కుక్కలును కురియుట యేమి? అయినను 'కుండపోత' యన్నపుడు ఆకాశమున కుండ యెక్కడిదని మనమెన్నడును అడుగము. జాతీయమునకు సమష్ట్యర్థమే ప్రధానము. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌను 1852 నాటి తన తెలుగు నిఘంటువున పదములతోపాటు పలుకుబడులను గూడ చేర్చెను. ఆంగ్లజాతీయములను సైతము అట్లే వాక్యమందుంచి నేర్పవలెనని మేము తలంతుము.

'డాగ్ ఇన్ ద మేంజర్' అనుదానికి వ్యాఖ్య యక్కరలేదు. తాను తినక పశువును తిననీయని గడ్డివాము కుక్క మన రైతునకు చిరపరిచితమే. మొసలికన్నీరు తెలుగున స్థిరపడినది. చిక్కంతయు 'సింహభాగము'తోనే. ఈసపు కథలో సింహము వేటనంతయు కాజేసెను. నేటి వాడుకలో అది పెద్దపాలు మాత్రమే. కథ చెప్పి యూరకున్నచో విద్యార్థికి 'అంతయు' అను అర్థమే మిగులును.